నివురు కింద నిప్పు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మా ఇంట్లో బీరువా పై అరలో, పట్టుచీరెల కింద, రెండు కాగితాలు దాచివుంచాను. రెండూ ఒకే రోజున, ఒకే ఆస్పత్రిలో మా పెద్దమ్మాయికి చేసిన పరీక్షల తాలూకు కాగితాలే. మొదటిదాన్ని ఆ వారమంతా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను. రెండోదాన్ని మడత విప్పి చదవనైనా లేదు. ఆ చదవని కాగితం విలువ ఎంతో మాకు సంక్రాంతి ముందు తెలిసివచ్చింది. ఆ సంగతే ఈ పూట మీతో చెప్పుకొందామని వచ్చాను. నేను డాక్టరును కాను. పదో తరగతి చదివి, ఇల్లూ పిల్లల్నీ చూసుకుంటూ, పిలిచినప్పుడు ఇలా రేడియోలో నాలుగు మాటలు చెప్పే ఇల్లాలిని. కాకపోతే, తప్పు చేసిన మనిషికి పాఠం బాగా వంటబడుతుంది గదా!

మా అమ్మాయికి ఎనిమిదో ఏటినుంచీ ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు, లేచి కూర్చుని మోకాళ్ళు పట్టుకుని ఊపిరికోసం వెతుక్కోవడం. ఇలాంటి పిల్లల్ని కన్న తల్లులకు ఆ రాత్రుల సంగతి నేను వర్ణించి చెప్పనక్కరలేదు. 'ఆయాసమేగా, ఆయుష్షుకేం లోటులేదులే' అని సరిపెట్టుకోవడం మనలో వుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచం మొత్తంమీద 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసం వుంది. ఆ ఒక్క ఏడాదే 4 లక్షల 55 వేల మంది దానివల్ల చనిపోయారు. సరిపెట్టుకునే జబ్బు కాదన్నమాట.

అసలు ఉబ్బసంలో లోపల జరిగేదేమిటి? జలుబు చేసినప్పుడు ముక్కు లోపలి పొర ఉబ్బి, నీరు కారి, గాలి ఆడకుండా పోతుంది చూశారూ, దాదాపు అలాంటిదే ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకుపోయే సన్నని గొట్టాల్లోనూ జరుగుతుంది. లోపలి పొర వాస్తుంది. జిగట కఫం పడుతుంది. దానికితోడు గొట్టం చుట్టూ వున్న కండరం ఎవరో పిడికిలి బిగించినట్లు బిగుసుకుంటుంది. అంటే రెండు పనులు జరుగుతున్నాయి. ఒకటి బిగింపు, రెండోది వాపు. బిగింపు మనకు తెలుస్తుంది, కూత వినిపిస్తుంది. వాపు మాత్రం చాలాసార్లు చడీచప్పుడూ లేకుండా వుంటుంది.

అందుకే డాక్టర్లు రెండు రకాల ఇన్‌హేలర్లు ఇస్తారు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది ఒకటి. మామూలుగా నీలం రంగులో వుంటుంది. అది బిగింపును నిముషాల్లో వదిలిస్తుంది. రెండోది రోజూ వాడవలసినది. అందులో చాలా తక్కువ మోతాదులో స్టెరాయిడ్ మందు వుంటుంది. అది వాపును తగ్గిస్తుంది, కాని దానికి రోజులు, వారాలు పడుతుంది. పీల్చగానే హాయి కనిపించదు. కనిపించని మేలుమీద మనకు నమ్మకం తక్కువ. అందుకని నీలం పంపును ప్రాణంలా చూసుకుంటాం, రెండోదాన్ని మరిచిపోతాం. మా అమ్మాయీ అంతే. హాస్టల్లో వుండి డిగ్రీ చదువుతున్నప్పుడు వారంలో రెండు రోజులు పీల్చడం, అయిదు రోజులు మానడం. ఇంటికి వచ్చి మాత్రం 'రోజూ వాడుతున్నానమ్మా' అనేది.

మొన్నటి నవంబరులో పరీక్షలకు తీసుకువెళ్ళాం. మొదట ఒక చిన్న మిషను ఇచ్చి నెమ్మదిగా ఊదమన్నారు. తరవాత ఇంకో మిషనులో గట్టిగా ఊదమన్నారు. గట్టిగా ఊదిన దానిలో 93 శాతం అని వచ్చింది. దాని వయసుకూ, ఎత్తుకూ ఎంత వుండాలో ఇంచుమించు అంతా వుందన్నమాట. నాకు పట్టరాని సంతోషం. పరీక్షలో నూటికి తొంభైమూడు వచ్చినట్లే అనుకున్నాను. రెండో కాగితంలో 78 అని ఏదో అంకె వుంది. డాక్టరమ్మగారు మా అమ్మాయితో, 'రోజూ మందు వాడుతున్నావా? లోపల వాపు తగ్గలేదు. ఒక్కరోజు కూడా మానవద్దు' అన్నారు. అది తల వూపింది. నా చెవులు మాత్రం 93 దగ్గరే ఆగిపోయాయి.

డిసెంబరులో మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకు వస్తామన్నారు. వాళ్ళు వున్నప్పుడు ఇది సంచీలోంచి ఇన్‌హేలరు తీస్తే ఏమనుకుంటారో అని నాకు బెంగ పట్టుకుంది. 'తొంభైమూడు వచ్చింది గదే, ఇంకా ఆ పంపు ఎందుకు? అలవాటైపోతే జన్మంతా వదలదు. మానెయ్యి' అన్నాను. ఎప్పుడెప్పుడా అని చూస్తున్నదానిలా సరేనంది. నెలరోజులు ఏమీ కాలేదు. 'చూశారా' అని మావారితో గొప్పగా అన్నాను కూడా.

భోగికి ముందురోజు. పండుగ బూజులు దులపడం ఆలస్యమైపోయిందని ఇద్దరం కలిసి దులిపాం. అటకమీది సామాను దించాం. రాత్రి రెండు దాటాక దానికి ఆయాసం మొదలైంది. నీలం పంపు పీల్చింది, తగ్గలేదు. మళ్ళీ పీల్చింది, తగ్గలేదు. 'అమ్మా' అనే రెండక్షరాల మాటకు మధ్యలో ఊపిరి తీసుకోవలసివచ్చింది. పెదవులు నల్లబడుతున్నాయి. ఆ చీకట్లో ఆటో పట్టుకుని ఆస్పత్రికి చేరేసరికి నాకు దేవుళ్ళ పేర్లు కూడా గుర్తురాలేదు. ఆక్సిజన్ పెట్టారు, మందు ఆవిరిలా పట్టించారు, సూదిమందు ఇచ్చారు. వీధుల్లో భోగిమంటలు వెలుగుతున్న వేళకు దాని పెదవులకు రంగు తిరిగివచ్చింది.

మూడోనాడు డాక్టరమ్మగారు నన్ను కూర్చోబెట్టి, 'అమ్మా, మీకు రెండు కాగితాలు ఇచ్చాం గదా, ఒకటే చదివారేం?' అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ వేళ ఆవిడ చెప్పినదీ, తరవాత నేను అడిగి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

గట్టిగా ఊదే పరీక్షను స్పైరోమెట్రీ అంటారు. పూర్వం కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో ఊదేవాళ్ళం, జ్ఞాపకం వుందా? అలాగే గుండెనిండా గాలి తీసుకుని, గొట్టానికి పెదవులు బిగించి, ఒక్క ఊపున బయటికి ఊదాలి. మొత్తం ఎంత గాలి వచ్చింది, అందులో మొదటి సెకనులో ఎంత వచ్చింది అని మిషను లెక్క కడుతుంది. ఆరోగ్యంగా వున్న పెద్దవాళ్ళకు నూటికి డెబ్భయిఅయిదు, ఎనభై పాళ్ళు మొదటి సెకనులోనే వచ్చేస్తాయి. గొట్టాలు ఇరుకైతే అదే గాలి మెల్లమెల్లగా వస్తుంది. తరవాత నీలం పంపులో వుండే మందు పీల్చి మళ్ళీ ఊదమంటారు. మొదటి సెకను గాలి పెద్దవాళ్ళలో 12 శాతమూ, 200 మిల్లీలీటర్లూ దాటి పెరిగిందంటే ఆ ఇరుకు మందుకు వదిలే ఇరుకేనని, ఉబ్బసానికి అది ఒక గుర్తని లెక్క. ఇలా ఊపిరిని కొలిచే యంత్రాన్ని ఇంగ్లండులో జాన్ హచిన్సన్ అనే డాక్టరు రెండువేల మందికి పైగా పరీక్షించి 1846లో లోకానికి వివరించాడు.

అయితే ఈ పరీక్ష చెప్పేది ఆ క్షణాన గొట్టం ఎంత తెరుచుకుని వుందన్నదే. ఉబ్బసం వచ్చిపోయే జబ్బు. బాగున్న రోజున వెళ్ళి ఊదితే బాగానే వస్తుంది. లోపల నిప్పు వుందా లేదా అనేది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది నెమ్మదిగా ఊదిన పరీక్ష. దాన్ని ఫీనో అంటున్నారు. ఊదుగొట్టంలా కాదు, పిల్లనగ్రోవి ఊదినట్లు, ఒకే తీరున, కొద్ది సెకన్లపాటు ఊదాలి. మన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు అతి కొద్దిగా వుంటుంది. శ్వాసనాళాల్లో ఎలర్జీ తరహా వాపు వున్నప్పుడు అక్కడి పొర ఆ వాయువును ఎక్కువగా తయారుచేస్తుంది. మనుషుల ఊపిరిలో అది వుందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 1991లో చూపించారు. ఉబ్బసం రోగుల్లో అది ఎక్కువని తరవాత రెండేళ్ళకు తేలింది. వందకోట్ల పాళ్ళ గాలిలో ఎన్ని పాళ్ళు అని కొలుస్తారు. పెద్దవాళ్ళలో 25కు లోపు అయితే తక్కువ, 50 దాటితే ఎక్కువ. పన్నెండేళ్ళలోపు పిల్లలకు 20, 35 హద్దులు. మా అమ్మాయిది 78! ఆ అంకె నవంబరులోనే 'లోపల కాలుతోంది' అని చెప్పింది. వినేవాళ్ళే లేకపోయారు.

రక్తపరీక్షలో కనబడే గుర్తు ఇంకొకటి వుంది. ఇస్నోఫీలియా అనే మాట మన ఇళ్ళల్లో విననివాళ్ళు వుండరు. ఇసినోఫిల్స్ అనేవి రక్తంలోని తెల్లకణాల్లో ఒక రకం. ఇయోసిన్ అనే రంగు వేస్తే ఎర్రగా మెరుస్తాయని జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ 1879లో వాటిని గుర్తించాడు. ఎలర్జీ వాపు వున్నచోటికి ఇవి గుంపుగా చేరుతాయి. రక్తంలో లెక్కపెట్టవచ్చు, కఫంలోనూ లెక్కపెట్టవచ్చు. అయితే ఇవి ఎక్కువైన ప్రతివాళ్ళకూ ఉబ్బసమే అనుకోకూడదు. కడుపులో ఏలికపాములున్నా పెరుగుతాయి. బోదకాలు వ్యాపించివున్న ప్రాంతాల్లో ఆ క్రిమివల్ల కూడా రాత్రిపూట దగ్గు, ఆయాసం, ఈ కణాల పెరుగుదల వస్తాయి. దాని మందే వేరు. అందుకే కాగితం చూసి మందులషాపులో బిళ్ళలు అడగకుండా డాక్టరుకు చూపించాలి.

ఈ కణాల వెనక ఒక మంచి కథ వుంది. 1950ల్లో ఉబ్బసానికి స్టెరాయిడ్ బిళ్ళలు ఇచ్చి చూశారు. 1956లో ఇంగ్లండులో జరిపిన పెద్ద పరీక్షలో దీర్ఘకాలపు ఉబ్బసానికి వాటివల్ల పెద్ద ప్రయోజనం కనిపించలేదన్నారు. డెర్బీ పట్టణంలో హ్యారీ మారో బ్రౌన్ అనే డాక్టరుకు అది నమ్మబుద్ధి కాలేదు. రోగుల కఫాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి తనే చూశాడు. కఫంలో ఇసినోఫిల్స్ వున్నవాళ్ళకు మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, లేనివాళ్ళకు చేయడం లేదు! ఇద్దరినీ ఒక గాటన కట్టడంవల్లే అసలు సంగతి మరుగున పడిందన్నమాట. 1958లో ఆయన ఆ విషయం ప్రకటించాడు. పీల్చే స్టెరాయిడ్ మందు ఉపయోగాన్ని 1972లో లోకానికి చూపించినవాళ్ళలోనూ ఆయన వున్నాడు. ఈనాడు మన పిల్లల చేతిలో వున్న ఇన్‌హేలరు ఆ దారిలో వచ్చినదే.

ఇంకొక్క సంగతి. 2002లో ఇంగ్లండులోనే లెస్టర్ నగరంలో 74 మంది ఉబ్బసం రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలుగా బాధనూ, ఊదే శక్తినీ చూసి మందు సర్దారు. రెండో జట్టుకు కఫంలోని ఇసినోఫిల్స్ లెక్క చూసి సర్దారు. ఏడాది తిరిగేసరికి మొదటి జట్టులో తీవ్రమైన ఆయాసాలు 109 సార్లు వచ్చాయి, రెండో జట్టులో 35 సార్లే. మొత్తంమీద వాడిన మందు మాత్రం రెండో జట్టుకు ఎక్కువేమీ కాలేదు. ఎవరికి ఎప్పుడు అవసరమో వాళ్ళకే అందింది. లోపలి వాపును కనిపెట్టి చూడటంవల్ల ఎంత మేలో ఇంతకన్న తేటగా చెప్పడం కష్టం.

మరి ఈ రెండు అంకెలను కలిపి ఎలా చదవాలి? ఊదడమూ బాగాలేదు, వాపూ ఎక్కువ అంటే జబ్బు చేయి దాటుతోందని అందరికీ తెలుస్తుంది. ఊదడం బాగుంది, వాపు ఎక్కువ అంటే అది నివురు గప్పిన నిప్పు. పొగ లేదు, మంట లేదు. ఒక్క గాలి వీస్తే చాలు. మా అమ్మాయి సంగతి ఇదే. ఊదడం బాగాలేదు గాని వాపు గుర్తు తక్కువగా వుంటే ఇంకో కారణం వెతకాలి. పొగ తాగేవారిలో ఫీనో అంకె తగ్గి కనబడుతుంది. ఈ తరహా వాపు లేని ఉబ్బసమూ కొందరికి వుంటుంది. రెండూ బాగుంటే సంతోషమే, కాని ఇక్కడే మనం బోల్తా పడేది. అంకె తగ్గింది మందు వాడుతున్నందువల్ల. జబ్బు పోయినందువల్ల కాదు. కనీసం మూడు నెలలు అలా నిలకడగా వుంటే మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించే విషయం డాక్టరు ఆలోచిస్తారు. అది మన సొంత నిర్ణయం కాకూడదు.

ఫీనో మిషను అన్ని ఊళ్ళలో వుండదు, పెద్ద ఆస్పత్రుల్లోనే. దానికి వెళ్ళేటప్పుడు పాలకూర, బీట్‌రూట్ వంటివి తిని వెళ్ళకండి, అంకె పెరుగుతుంది. గట్టిగా ఊదే పరీక్షకన్న ముందే దాన్ని చేయించుకోవాలి. ఇంట్లో మనం చేసుకోగలిగింది పీక్ ఫ్లో మీటరు. చిన్న గొట్టం, పక్కన అంకెలు, జరిగే ముల్లు, అంతే. కరెంటు అక్కరలేదు. నిలబడి మూడుసార్లు ఊది, పెద్ద అంకెను పుస్తకంలో రాసుకోవాలి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. బాగున్న రోజుల్లో వచ్చిన అతి పెద్ద అంకె మన కొలబద్ద. దానిలో నూటికి ఎనభై దాటివుంటే నిశ్చింత. ఎనభైకీ యాభైకీ మధ్య వుంటే జాగ్రత్తపడి, డాక్టరు ముందుగా రాసి ఇచ్చినట్లు చేయాలి. యాభైకి దిగితే ఆస్పత్రికి బయలుదేరాలి. మా అమ్మాయి అంకె 400. కనుక 320 మా ఇంటి హద్దు. పాలలెక్క రాసే క్యాలెండరు పక్కనే ఈ పుస్తకమూ వేలాడదీశాను. అంకె రోజురోజుకూ కిందికి జారుతుంటే కూత రాకముందే తెలుస్తుంది. మాట పూర్తి చేయలేకపోవడం, పెదవులు నల్లబడటం, నీలం పంపు పీల్చినా తగ్గకపోవడం కనిపిస్తే మాత్రం మీటరు వెతుక్కుంటూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి.

ఇన్‌హేలరు అలవాటైపోతుందన్న భయం నాదీ, మీదీ. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళను 'అలవాటైపోయింది' అని అంటామా? అవసరం కాబట్టి వాడుతున్నారు. ఈ మందు నేరుగా లోపలికే పోతుంది కనుక బిళ్ళకన్న చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. పీల్చాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మితే నోటిపూత వచ్చే అవకాశం తగ్గుతుంది. నీలం పంపు ఒక్కదానితోనే నెట్టుకురావడం పెద్దవాళ్ళకూ, ఎదిగిన పిల్లలకూ ప్రమాదమని 2019 నుంచీ ప్రపంచ ఉబ్బస నిపుణుల సూచనల్లో వుంది. అది నిప్పును ఆర్పదు, పొగను తోలుతుంది, అంతే.

మృగశిర కార్తె వస్తే హైదరాబాదులో చేపమందు కోసం ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. మా చుట్టాల్లోనూ వెళ్ళేవాళ్ళున్నారు. వాళ్ళ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. కాని అది లోపలి వాపును తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్ళివచ్చినవాళ్ళు రోజువారీ ఇన్‌హేలరును మాత్రం పక్కన పడేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ఇప్పుడు మా అమ్మాయి నా కళ్ళముందే రోజూ పొద్దున, రాత్రి మందు పీలుస్తోంది. ఆరు వారాలకు ఫీనో 31 అయింది, మూడు నెలలకు 22. ఊదే అంకె మాత్రం 94. అంటే నవంబరుకూ ఇప్పటికీ ఒక్క శాతమే తేడా! మొదటి కాగితాన్ని నమ్ముకుంటే మా పిల్లకు ఏమీ జరగనట్లే. బూజులు దులిపే పని నాదీ, మావారిదీ; తడిగుడ్డతో తుడుస్తున్నాం. దోమల చుట్ట మానేశాం. ఎండుమిరపకాయలు పోపు వేసేటప్పుడు దాన్ని వంటింటి వైపు రానివ్వను.

ఆ సంబంధం సంగతి ఏమైందంటారా? జాతకాలు కలవలేదని వెనక్కి వెళ్ళారు. ఇన్‌హేలరు సంగతి వాళ్ళకు తెలియనే తెలియదు. ఎవరో ఏదో అనుకుంటారని నేను నా బిడ్డ ఊపిరిని పణంగా పెట్టాను. ఆ ఎవరో అసలు దాన్ని చూడనేలేదు. ఇకమీదట వచ్చేవాళ్ళతో ముందుగానే చెబుతామని మా అమ్మాయి ఖచ్చితంగా అంది. నేను సరేనన్నాను.

సోదరీమణులారా, మీ ఇంట్లో ఉబ్బసం వున్నవాళ్ళుంటే, ఈ రాత్రి ఒక్క పని చేయండి. ఆ రెండో ఇన్‌హేలరు ఎక్కడుందో వెతికి చూడండి. అది సొరుగు అడుగున దుమ్ముకొట్టుకుని వుంటే, కూత లేదుగదా అని ధీమాగా వుండకండి. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు, 'ఊదడం సరే, లోపల వాపు సంగతేమిటి?' అని అడగండి. వాళ్ళిచ్చిన కాగితాలన్నీ మడత విప్పి చదవండి.